మొదటి వరస కొసన కుర్చీ

తమిళనాట తుడియలూరులో రంగనాయకి టీచరు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వెంటనే దారి చెప్పరు. ముందు నవ్వుతారు. నవ్వేసి, "వడ పాయసం టీచరా?" అంటారు. ఆ తర్వాతే, పంపుల వర్క్‌షాపు దాటి ఎడమకు తిరగండి అంటారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు తమిళం చెప్పిన మనిషి, ఊళ్ళో సగం మందికి ఉచ్చారణ సరిచేసిన మనిషి, చివరికి ఊరికి ఒక్క జోకుగా మిగిలింది. ఊరికి అలా మిగిలితే సరే. తనకు కూడా తను అలాగే మిగిలింది, అదే కష్టం.

బయట తమిళం, ఇంట్లో తెలుగు. అక్కడి నాయుళ్ళ ఇళ్ళన్నిటిలో ఉన్నదే ఇది. రంగనాయకికి తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. అమ్మ నోటి నుంచి ఆవిడ నోటికి వచ్చిన తెలుగు వంటింట్లో, పెరట్లో, మొగుడితో మాత్రమే పనికొచ్చేది. స్టేజి ఎక్కితే మాత్రం ఆవిడది నిగనిగలాడే తమిళం. ఒక్క తెలుగు ముక్క దొర్లేది కాదు.

స్టేజి అంటే పట్టిమండ్రం. తమిళనాట గుడి పండగైనా, పార్టీ వాళ్ళ సంబరమైనా పట్టిమండ్రం లేకపోతే జనం రారు. ఒక ప్రశ్న పెడతారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు వాదిస్తారు. నడుమ కూర్చున్న పెద్దమనిషిని నడువర్ అంటారు. ఆఖర్న ఆయన తీర్పు చెబుతాడు. ఎవరు ఏ వైపో కూడా ఆయనే నిర్ణయిస్తాడు, ముందుగా ఫోను చేసి చెబుతాడు. ఇచ్చిన వైపు మాట్లాడాలి. గుడిలోకి పోయేటప్పుడు చెప్పులు విడిచినట్టు సొంత అభిప్రాయం బయట విడిచి రావాలి. వైపు మార్చమని అడిగినవాళ్ళను మళ్ళీ ఎవరూ పిలవరు. రంగనాయకి ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అది ఆవిడ గర్వం.

ఆవిడ మొగుడు తిరుమలసామి కాలిపోయిన మోటార్లకు కాయిల్ చుట్టే షాపు నడిపేవాడు. మాటలు తక్కువ, చెవులు ఎక్కువ. రంగనాయకి పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర నిలబడి స్పీచి వల్లె వేస్తుంటే, ఆయన అవతల గేటు దగ్గర కూర్చుని వినేవాడు. వెనక వరసకు వినపడుతుందా లేదా చూడాలి కదా. అసలు రోజున మొదటి వరసలో ఎడమ కొస కుర్చీ ఆయనది. ఒళ్ళో జీలకర్ర నీళ్ళ ఫ్లాస్కు. స్పీచి సాగిపోతుంటే భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటాడు, అది ఆవిడకు ఇక ఆపమని గుర్తు.

ఆయనకున్న ఒక్క తెగులు ఏమిటంటే, పెళ్ళాం స్టేజి మీద చెప్పిందల్లా నమ్మేవాడు. వైపులు నడువర్ ఇస్తాడని తెలుసు, ఎలా ఇస్తాడో తెలుసు, అయినా నమ్మేవాడు. ఉమ్మడి కుటుంబమే మేలని ఆవిడ ఒకసారి గెలిచి వస్తే, మర్నాడే బస్సెక్కి పెరియకుళం పోయి చెల్లెలి సంసారాన్ని సామానుతో సహా తెచ్చి దింపాడు. మూణ్ణెల్లకు అదే రంగనాయకి వేరు కాపురమే సుఖమని గెలిచింది. ఆయన మంచం పక్కన నిలబడి, "చెల్లి వాళ్ళను పంపించేసేదా రంగా?" అని మెల్లగా అడిగాడు. రంగనాయకి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వింది గానీ, తన మాటకు తల వంచే మనిషి ఒకడు ఇంట్లోనే ఉండడం ఆవిడకు ఎంత ఇష్టమో పైకి చెప్పలేదు.

"ఊరికే వాదానికి చెప్తిని మామా. నువ్వు నిజమని పట్టుకుంటే ఎట్ల?" అనేది.

"తీర్పయిపోయింది కదే," అనేవాడు తిరుమలసామి. ఆయనకు నడువర్ తీర్పంటే కోర్టు తీర్పు.

రెండేళ్ళ కిందట మారియమ్మన్ పండక్కి మండపంలో పట్టిమండ్రం పెట్టారు. ప్రశ్న: పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ వైద్యం అందాలంటే దారి ఏది? ప్రభుత్వ ఆసుపత్రులను బాగు చేయడమా, ఇంటింటికీ బీమా కార్డు ఇచ్చి ప్రైవేటు ఆసుపత్రుల తలుపులు తెరవడమా? అప్పట్లో టీ కొట్లలో, బస్సుల్లో, టీవీల్లో అదే రగడ. ఒక పార్టీ కార్డు అంటే, ఇంకో పార్టీ ప్రభుత్వ ఆసుపత్రి అనేది. నడువర్ తంగవేలు అయ్య, రిటైరైన తమిళ ప్రొఫెసరు, రంగనాయకికి కార్డు వైపు ఇచ్చాడు.

ఆవిడ వాదం ఒట్టి చప్పట్ల కోసం కాదు. కార్డు చేతిలో ఉంటే కూలివాడు కూడా గొప్పవాళ్ళు వెళ్ళే గుమ్మంలోంచే వెళ్తాడు, తలెత్తుకుని వెళ్తాడు, వరండాలో చాప పరుచుకుని కాచుకోనక్కర్లేదు అంది. మండపం తలాడించింది. కానీ తలాడిస్తే చాలదు, నవ్వాలి. అప్పుడు వేసింది ఆ జోకు.

"మొగుడు చొక్కా వేసుకుంటున్నాడు. 'ఎక్కడికి?' అంది పెళ్ళాం. 'పెద్దాసుపత్రికి,' అన్నాడు. 'అయితే రాత్రికి ఏం వండమంటావు?' అంది. 'రాత్రికి ఏమీ వద్దు. పదహారో రోజుకి వడ పాయసం చెయ్, ఊరందరినీ పిలువు!'"

అక్కడ పెద్దాసుపత్రి అంటే ప్రభుత్వానిది, పదహారో రోజంటే కర్మ రోజు. చచ్చినవాడి పేరున ఆకు వేసి వడ, పాయసం వడ్డిస్తారు. మొగుడి మాట చెప్పేటప్పుడు రంగనాయకి అచ్చం తిరుమలసామి గొంతు పెట్టింది, ఆ మెత్తని, నసిగే గొంతు. మండపం కప్పు లేచిపోయింది. కొస కుర్చీలో తిరుమలసామి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన పక్కన నేల మీద కూర్చున్న ఆయన నేస్తం ముని చప్పట్లు ఆపలేదు. తంగవేలు అయ్య నవ్వు ఆపుకుంటూ కార్డు వైపే తీర్పు చెప్పాడు. ఎవరో ఫోనులో పట్టారు. వారం తిరిగేసరికి ఆ ముక్క పీలమేడు నుంచి మదురై దాకా అందరి ఫోన్లలో ఉంది.

ఆ తర్వాతి సంవత్సరం ఒక పొద్దున ఇడ్లీ తింటూ తిరుమలసామి చెయ్యి ఆపాడు. చెమట పట్టింది. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. రంగనాయకి ఆటో పిలిచింది. ఆటో ఎక్కించి, "పెద్దాసుపత్రికి పోనీ," అంది.

"అక్కడికి వద్దు," అన్నాడు తిరుమలసామి.

"అక్కడే గుండె డాక్టర్లు ఎప్పుడూ ఉంటారు మామా. సీక్రం చూస్తారు."

"నువ్వే చెప్తివి కదే. తీర్పు కూడా అయిపోయె."

"అది స్టేజికి చెప్పింది!"

"నువ్వు అబద్ధం చెప్తావా?" అని ఆయన నొప్పిలోనే నవ్వాడు.

అప్పుడు రంగనాయకి 'ఔను, అబద్ధమే' అని ఉండాల్సింది. ఒక్క మాట. స్టేజి మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషికి ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. ఆ నమ్మకాన్ని ఆయన కళ్ళలోంచి తనే తీసేయడానికి మనసు ఒప్పలేదు. కార్డు ఉంది కదా అనుకుంది. ఆటో ప్రైవేటు ఆసుపత్రి వైపు తిరిగింది.

ఆ ఆసుపత్రిలో ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు, అది చెప్పాలి. ఈ చికిత్సకు కార్డు చెల్లుతుందో లేదో పైన అడగాలి, కూర్చోండి అన్నారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. పైనుంచి జవాబు రావాలి. రంగనాయకి కౌంటరు దగ్గరికీ కుర్చీ దగ్గరికీ తిరుగుతోంది. హాల్లో ఎవరో కాలక్షేపానికి ఫోను చూస్తున్నారు. ఆ ఫోనులోంచి వచ్చింది, 'మొగుడు చొక్కా వేసుకుంటున్నాడు...' వెనకే మండపమంతా నవ్వు. తిరుమలసామి తల తిప్పాడు. మొహం పాలిపోయి ఉన్నా వెలిగింది.

"నీ గొంతే, రంగా," అన్నాడు.

ఆయన ఆఖరి మాట అదే. కార్డు చెల్లుతుందని పైనుంచి జవాబు వచ్చింది, ఆయన పోయాక.

పదహారో రోజు ఆకులు వేశారు. వడ వడ్డించారు, పాయసం వడ్డించారు. ఎవరూ నవ్వలేదు. కానీ రెండో పంక్తిలో ఒక పెద్దాయన పాయసం గరిటె ఆకు మీదికి రాగానే పెదవులు బిగపట్టి తల దించుకోవడం రంగనాయకి చూసింది. ఆయన మీద కోపం రాలేదు. ఆ నవ్వును అక్కడ నాటింది తనే కదా అనుకుంది. గరిటె చేతిలోంచి జారితే తోటికోడలు అందుకుంది.

అప్పటి నుంచి రంగనాయకి స్టేజి ఎక్కలేదు. కానీ ఆవిడ గొంతు ఊరంతా తిరుగుతూనే ఉంది. బేకరీలో బన్ను కొంటుంటే గాజు అల్మారా వెనకనుంచి వినపడేది. బస్సులో వెనక సీట్లోంచి వచ్చేది. వినపడగానే ఆవిడ దిగాల్సిన స్టాపు కాకపోయినా దిగిపోయేది. అందరికీ అది టీచరు గొంతు. ఆవిడకు అందులో వినిపించేది జోకు ఆఖరి మాట పలికే గొంతు, తను ఎగతాళిగా తెచ్చిపెట్టుకున్న మొగుడి గొంతు. చచ్చిపోయినవాడు ఊళ్ళో ప్రతి ఫోనులోంచీ తన కర్మ భోజనానికి తనే పిలుస్తున్నాడు. పొద్దున్నే పెరట్లో బట్టల రాయి దగ్గర నిలబడితే, గేటు వైపు నుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినపడేది. వెనక వరసకు వినపడడం లేదు, గట్టిగా చెప్పు అన్నట్టు. ఆవిడ బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసేది.

ముని పెళ్ళాం జోతిమణి రంగనాయకి ఇంట్లో గిన్నెలు తోముతుంది. ముని పంపుల ఫౌండ్రీలో కరిగిన ఇనుము అచ్చుల్లో పోసే పని చేస్తాడు. వాళ్ళదీ ఇంట్లో తెలుగే, కానీ వాళ్ళ వీధి వేరు. తిరుమలసామి షాపులో సాయంత్రాలు ముని కబుర్లకు కూర్చునేవాడు. పట్టిమండ్రాలకు ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నా ముని మాత్రం నేల మీదే కూర్చునేవాడు. కూర్చోరా అని తిరుమలసామి ఎన్నిసార్లు అన్నా వినలేదు. ఊళ్ళో అలవాట్లు అంత తొందరగా పోవు.

ఒకరోజు జోతిమణి గిన్నెలు తోమడం ఆపేసి అలాగే కూర్చుంది.

"ఏమ్మే?" అంది రంగనాయకి.

"మా ఆయనకు నెంజు నొప్పమ్మా, గుండె కాడ. మెట్లెక్కితే నిలబడిపోతాడు, ఎడమ చెయ్యి లాగుతాదంట. గ్యాసని మాత్ర మింగుతుండాడు. ఆసుపత్రికి పోదామంటే కదలడు. మీరు చెప్తే వింటాడు."

రంగనాయకి మునిని వెంటనే పిలిపించింది. ముని పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"పెద్దాసుపత్రికి పో, ముని. ఇబ్బుడే పో. నేను కూడా వస్తా."

ముని నవ్వాడు. "దేనికమ్మా, వడ పాయసానికా?"

"అది ఊరికే చెప్పింది రా. వైపిచ్చినారు, చెప్తిని. అంతే."

"మీరు నన్ను పంపించేకి ఇట్ల చెప్తుండారు. స్టేజి మీద అంతమంది ముందర చెప్పింది నిజమా, పెరట్లో చెప్పేది నిజమా? అయ్య కూడా పోలేదు కదా అక్కడికి. అయ్యకు తెలియనిదా?"

"అయితే కార్డుంది కదా, వేరే ఆసుపత్రికన్నా పో."

"ఆపరేషనుకే కార్డంట. చూసేకి, టెస్టు తీసేకి మనమే కట్టాలంట. ఎట్ల కట్టేదమ్మా? పరవా లేదు, గ్యాసే."

అయ్య అక్కడికి పోకనే పోయినాడు రా అనబోయింది రంగనాయకి. నోటిదాకా వచ్చి, ఆటోలో లాగే, నిలిచిపోయింది. ఒకే తప్పు మనిషి రెండుసార్లు చేయగలడని ఆవిడకు అప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే ముందు గుమ్మంలో బైకు ఆగింది. నరేన్ వచ్చాడు. పంపుల వర్క్‌షాపు ఓనరు, పండగ కమిటీ పెద్ద, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడుతున్నాడు. ఇంటింటికీ బీమా కార్డు అన్నది అతని మాట.

"అత్తా, ఈసారి పండక్కి మళ్ళీ అదే పట్టిమండ్రం. ఎలక్షను వస్తుండాది, జనం అదే అడుగుతుండారు. నువ్వు రావాల. ఆ జోకు చెప్పాల."

"నేను రాను నరేన్. నాకు ఒళ్ళు బాగాలేదు."

"మామ పోయిన దుఃఖం నాకు తెలుసు. అయితే మామకు నువ్వు స్టేజి మీద ఉంటే ఎంత ఇష్టం!"

పెరటి గుమ్మంలోంచి ముని తల పెట్టాడు. "పోండమ్మా. నేను వస్తాను వినేకి. తీర్పు ఏమొస్తాదో అట్లే చేస్తాను. పెద్దాసుపత్రి అని తీర్పు వస్తే, జోతిమణి మీద ఒట్టు, లేచి పోతాను."

వీడూ ఆయన లాంటివాడే అనుకుంది రంగనాయకి. ఒకడు మంచం పక్కన నిలబడి అడిగాడు, ఒకడు గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. వస్తానంది.

ఆ సాయంత్రమే తంగవేలు అయ్యకు ఫోను చేసింది. ఇరవయ్యేళ్ళలో అడగనిది అడిగింది.

"ఈసారి నాకు ఆ వైపు ఇవ్వండయ్యా. ప్రభుత్వ ఆసుపత్రి వైపు."

"అది చారులతకు ఇచ్చేశానమ్మా, పీలమేడు కాలేజీ అమ్మాయికి. పైగా నరేన్ బ్యానర్లు కట్టేశాడు, మీ బొమ్మ కార్డు వైపే ఉంది. వైపు అడగకూడదని కొత్తవాళ్ళకు మీరే చెప్పేవారు."

"చెప్పేదాన్ని," అంది రంగనాయకి. ఫోను పెట్టేసింది. ఇక మిగిలింది ఒకటే దారి. వెళ్ళాలి, తన వైపు మాట్లాడాలి, ఓడిపోవాలి. గెలవడం ఎలాగో తెలుసు గానీ ఓడడం ఎప్పుడూ నేర్చుకోలేదు. మర్నాడు పొద్దున బట్టల రాయి దగ్గర నిలబడి వల్లె వేసింది. చప్పగా, గొణుగుతూ, కావాలని పాడు చేస్తూ. గేటు వైపు నుంచి గొంతు సవరింపు వినపడలేదు. అది మరీ భయం వేసింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మండపం నిండిపోయింది. మొదటి వరస మధ్యలో నరేన్, పార్టీ కండువాలు. ఎడమ కొస కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ చెప్పకుండానే ఊరు దాన్ని ఖాళీగా వదిలేసింది, టీచరు మీద గౌరవంతో. దాని పక్కన నేల మీద ముని, వాడి వెనక జోతిమణి. ముని ఒక చేత్తో రొమ్ము రుద్దుకుంటున్నాడు. రంగనాయకి ఆ చెయ్యినే చూస్తోంది.

చారులత మంచి పిల్ల, చదువుకున్న పిల్ల. ఆ పిల్ల చెప్పిందంతా నిజమే. కార్డు మీద ఖర్చయ్యే రూపాయి ప్రైవేటు గోడ దాటి బయటికి రాదు, అదే రూపాయి పెద్దాసుపత్రిలో పెడితే మంచం మిగులుతుంది, డాక్టరు మిగులుతాడు అంది. కార్డు జబ్బుల పట్టీ చూసి తలుపు తీస్తుంది, పెద్దాసుపత్రి మనిషిని చూసి తీస్తుంది అంది. కానీ తలెత్తకుండా కాగితం చూసి చదివింది. వెనక వరసల్లో చిన్నపిల్లలు లేచి పరుగులు పెడుతున్నారు. ఆ మాటలు నాకిస్తే ఈ మండపాన్ని లేపి నిలబెట్టేదాన్నే అని రంగనాయకి స్టేజి మీద చీర కొంగు నలిపేసుకుంది.

ఆవిడ వంతు వచ్చింది. వల్లె వేసుకున్నట్టే చప్పగా మొదలుపెట్టింది. జనం కాసేపు ఓర్చుకున్నారు. పాపం, మొగుడు పోయిన మనిషి అనుకున్నారు. తర్వాత వెనకనుంచి ఎవరో అరిచారు, "వడ పాయసం!" ఇంకొకరు అందుకున్నారు. నరేన్ వెనక్కి తిరిగి చేతులు ఊపి ఇంకా రెచ్చగొట్టాడు. మండపమంతా లయగా చప్పట్లు కొడుతూ వడ పాయసం, వడ పాయసం అంటోంది. ముని కూడా కొడుతున్నాడు. నవ్వడానికి నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

రంగనాయకి చెయ్యి ఎత్తింది. మండపం ఆగింది.

"మొగుడు చొక్కా వేసుకుంటున్నాడు," అంది తమిళంలో. అప్పుడే సగం మంది నవ్వేశారు. "'ఎక్కడికి?' అంది పెళ్ళాం. 'పెద్దాసుపత్రికి,' అన్నాడు. 'అయితే రాత్రికి ఏం వండమంటావు?' అంది."

ఇక్కడ మొగుడి గొంతు రావాలి. రంగనాయకి నోరు తెరిచింది. రాలేదు. కొస కుర్చీ వైపు చూసింది. ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. ఆ నసిగే గొంతును ఈసారి తనకు ఇవ్వనన్నట్టు పెదవులు మూసుకుని, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలు రంగా, సాగిపోయింది అన్నట్టు.

అప్పుడు ఆవిడ నోట్లోంచి తెలుగు వచ్చింది. ఇరవయ్యేళ్ళలో ఏ స్టేజి మీదా రాని తెలుగు, వంటింటి తెలుగు.

"రాత్రికి ఏమీ వండను మామా. లెయ్. ఆటో వచ్చింది. పెద్దాసుపత్రికే పోదాం. నేను చెప్పింది అబద్ధం మామా. వైపిచ్చినారు, చెప్తిని. జనం నవ్వితే ఇంకా చెప్తిని. తీర్పూ లేదు గీర్పూ లేదు. నా మాట వినొద్దు. ఇబ్బుడు చెప్పేది విను. లెయ్ మామా. లేచి రా."

మండపంలో సగం మందికి తెలుగు వచ్చు. వాళ్ళు బిగుసుకుపోయారు. మిగతా సగానికి మాటలు తెలియలేదు, మొహం చూసి నటన అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య, కొస కుర్చీ దగ్గర ఒక తల మెల్లగా పైకి లేచింది. రంగనాయకి ఒక అడుగు ముందుకు వేసింది. వచ్చేశాడు అనుకుంది. నిజంగానే అనుకుంది. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒగరుస్తూ లేచి నిలబడ్డవాడు ముని.

తంగవేలు అయ్య గంట కొట్టాడు. టైము అయిపోయిందనో, గీత దాటావనో, ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియాలి. రంగనాయకి మైకు వదిలేసి మెట్లు దిగింది. ఇరవయ్యేళ్ళలో తీర్పు వినకుండా స్టేజి దిగడం అదే మొదలు. మునికి ఒకవైపు జోతిమణి, ఒకవైపు తను. నరేన్ లేచి, "అత్తా, ఏమత్తా ఇది?" అన్నాడు. ఆవిడ ఆగలేదు.

ఆ రోజు తీర్పు ఏమొచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు. రెండూ కావాలి అన్నాడట తంగవేలు అయ్య. నడువర్‌లు తప్పించుకోవాలంటే ఎప్పుడూ అదే అంటారు. ముని అక్కడే ఉండి విని ఉంటే మళ్ళీ నేల మీద కూర్చుండిపోయేవాడేమో.

ముని సంగతి దాచను. బతికాడు. గుండెకు పోయే నాళం ఒకటి మూసుకుపోతోందన్నారు. పెద్దాసుపత్రిలో ఆ రాత్రే చేర్చుకున్నారు, రెండో రోజు గొట్టం వేసి తెరిచారు, మందులిచ్చి పంపారు. ఎక్కడా పైన అడగాలి అనలేదు. వరండాలో జనం ఉన్నారు, చాపలున్నాయి, ఫినాయిలు వాసన ఉంది, జోకులో ఉన్నవన్నీ ఉన్నాయి. ఆ వరండాలోనే బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు పక్కవాళ్ళ ఫోనులోంచి మళ్ళీ ఆవిడ గొంతు వచ్చింది, మొగుడు చొక్కా వేసుకుంటున్నాడని. చుట్టూ ఉన్న రోగులే నవ్వారు. స్ట్రెచరు మీదనుంచి ముని ఆవిడ మొహం చూశాడు.

"అది పాతదమ్మా," అన్నాడు.

ఇప్పుడు ముని టిఫిను క్యారేజీ పట్టుకుని ఇంటి ముందునుంచి షిఫ్టుకు పోతుంటే రంగనాయకికి సంతోషమే. వాడు చెయ్యి ఊపితే తనూ ఊపుతుంది. కానీ వాడు మలుపు తిరిగాక లోపల ఏదో కుంగుతుంది. ముని పోయి ఉంటే, ఎక్కడికి తీసుకెళ్ళినా రాసిపెట్టి ఉన్నదే జరుగుతుందని మనసుకు చెప్పుకునేది. వాడు బతికి ఆ మాట లేకుండా చేశాడు. ఆటో ఆ రోజు ఇటు తిరిగి ఉంటే అన్నది ఇక పోదు. పెరట్లో గొంతు సవరింపు మళ్ళీ వినిపిస్తోంది. ఇప్పుడు ఆవిడ లోపలికి పారిపోదు. బట్టల రాయి మీద కూర్చుంటుంది, చీకటి పడేదాకా.

ఆ ఆదివారం ఆటో దిగి పెద్దాసుపత్రి గుమ్మంలోకి పోగానే ముందు కౌంటరు. నీలం చీర కట్టుకున్న అమ్మాయి కలం తీసి, తలెత్తకుండా అడిగింది.

"పేషెంటు పేరు?"

"తిరుమలసామి," అంది రంగనాయకి.

అమ్మాయి రాసేసింది. "వయసు?"

"అరవై నాలుగు."

అదీ రాసింది. మునిని పట్టుకుని నిలబడ్డ జోతిమణి వింది, ముని విన్నాడు. రంగనాయకి ఆ చీటీనే చూస్తోంది. ఆవిడకు చదవడం వచ్చిన తమిళ అక్షరాల్లో ఆయన పేరు ఉంది, పైన ఆసుపత్రి పేరు ఉంది. ఆయన వచ్చాడు. ఆవిడ చెప్పగానే లేచి వచ్చాడు, టైముకే వచ్చాడు, ఇక లోపలికి తీసుకుపోవడమే తరువాయి.

జోతిమణి మోచెయ్యి తాకింది. "అమ్మా."

"ముని," అంది రంగనాయకి. "పేరు ముని. నేను తప్పు చెప్పాను."

అమ్మాయి విసుక్కోలేదు. రాసిన పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ముని అని రాసి, చీటీ చేతికిచ్చి, త్వరగా తీసుకెళ్ళండి అంది.